టరాంటులాలని ఒకే ట్యాంకులో గుంపుగా పెంచడం ఎలా: జాతి ఎంచుకోవడం నుంచి ఇల్లు మార్చేదాకా

ముందే సూటిగా చెప్పేస్తా, టరాంటులా ఒంటరి జీవి. ప్రపంచంలో వెయ్యికి పైగా జాతులున్నాయి, వాటిలో దాదాపు అన్నిటికీ పక్కన ఇంకో టరాంటులా కనిపిస్తే అది శత్రువన్నా అవుతుంది, తిండన్నా అవుతుంది. చాలా కొద్ది జాతుల్లో మాత్రం పిల్లలు తల్లి దగ్గర మామూలుకంటే ఎక్కువ కాలం ఉంటాయి, ఒకే గూడు వాడుకుంటాయి, ఒకదాని మీద నుంచి ఒకటి నడిచి వెళ్ళినా పట్టించుకోవు, ఒక్కోసారి ఒకే పురుగు మీద నాలుగైదు కలిసి కూర్చుని తింటాయి. కమ్యూనల్ సెటప్ అని మనం అంటున్నది ఈ ఓర్పుని ట్యాంకులో ఇంకొంచెం సాగదీయడమే, అది కూడా కడుపు నిండి, దాక్కోడానికి చోటు ఉన్నంత వరకే సాగుతుంది. నిజంగా గుంపుగా బతికే సాలీళ్ళు వేరే ఉన్నాయి లెండి, స్టెగోడిఫస్ సరసినోరం లాంటివి వందల కొద్దీ ఒకే గూడులో కలిసి వేటాడతాయి, కానీ అవి టరాంటులాలు కావు.

ఇంకో విషయం, ఈ సెటప్ నిలబడుతుందా లేదా అన్నది సగానికి పైగా మీరు స్లింగ్స్ (టరాంటులా పిల్లలు) కొనే రోజే తేలిపోతుంది. ఏ జాతి, ఒకే గుడ్ల సంచిలోవా కాదా, అన్నీ ఒకే సైజా, ఈ మూడూ కుదిరితే తర్వాత మీ పని తిండి పెట్టడం, చెయ్యి పెట్టకుండా ఉండటం. ఇవి కుదరకపోతే ఎంత మంచి ట్యాంకు కట్టినా వేస్టే. ఇంకా, ఒక్కటి చచ్చిపోయినా తట్టుకోలేను అనుకునేవాళ్ళు దీని జోలికి రాకండి, విడివిడిగా డబ్బాల్లో పెంచుకోండి హాయిగా, జీవికీ అదే సేఫ్. మొదటి టరాంటులా పెంచుతున్నవాళ్ళకి కూడా ఇది వద్దు, కనీసం ఒక ఓల్డ్ వరల్డ్ (ఆసియా, ఆఫ్రికా వైపు) జాతిని కొంతకాలం సింగిల్‌గా పెంచి, అది ఎంత స్పీడుగా కదుల్తుందో కళ్ళారా చూశాక రండి.

స్టెప్ 1: ఏ జాతి

కమ్యూనల్ అంటే నేను చెప్పే పేరు ఒకటే, మోనోసెంట్రోపస్ బాల్ఫౌరి. అరేబియా సముద్రంలో యెమెన్‌కి చెందిన సోకోట్రా దీవిలో మాత్రమే ఉండే జాతి ఇది, 1897లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. నీలం కాళ్ళు, లేత గోధుమ రంగు పొట్ట, పెద్దయ్యాక కాళ్ళు చాచితే 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది. నేలలో బొరియలు తవ్వుతుంది, పైన విపరీతంగా గూడు అల్లుతుంది, ట్యాంకు మొత్తం తెల్లటి సొరంగాలతో నిండిపోతుంది. తల్లి ఏదైనా పురుగుని పట్టుకుంటే పిల్లలు దాని చుట్టూ చేరి తినడం పెంచేవాళ్ళు చాలామంది చూశారు, పెద్ద ఆడవి కూడా ఒకే గూడులో ఏళ్ళ తరబడి ఉన్న సందర్భాలున్నాయి. పిల్ల దశ దాటి పెద్దయ్యాక కూడా కలిసుండటం అనేది ఈ జాతిలో కనిపించినంతగా వేరే ఎందులోనూ కనిపించదు, అందుకే ఈ గైడ్ అంతా ప్రధానంగా బాల్ఫౌరిని మనసులో పెట్టుకునే రాస్తున్నా.

తర్వాత చిన్న జాతులు రెండు. నియోహోలోథెలె ఇన్సెయి, ట్రినిడాడ్, వెనిజులా వైపుది, ఇంకోటి హెటెరోథెలె విల్లోసెల్లా, టాంజానియాది. రెండూ మరుగుజ్జు టరాంటులాలే, బాగా గూడు అల్లుతాయి, తొందరగా పెద్దవైపోతాయి. గుంపుగా పెంచి సక్సెస్ అయినవాళ్ళున్నారు, మెల్లగా ఒక్కొక్కటీ మాయమైపోయి చివరికి ఒకటో రెండో మిగిలినవాళ్ళూ ఉన్నారు. సైజు చిన్నది కాబట్టి ఎన్ని మిగిలాయో లెక్క పెట్టడం ఇంకా కష్టం.

హిస్టెరోక్రేట్స్ గిగాస్ అని కామెరూన్‌ది ఒకటుంది, దాని పిల్లలు తల్లితో నెలల తరబడి ఉంటాయి, ఇది చూసే చాలామంది కమ్యూనల్ అనేస్తారు. కానీ పిల్లలు ఒక సైజు దాటాక కథ మారిపోతుంది, కాబట్టి దాన్ని తల్లీపిల్లల దశ వరకే అనుకోండి, పెద్దవాటి కాపురంగా కాదు.

ఇక పోయెసిలోథేరియా, చెట్టు తొర్రల్లో ఉండేవి, భారతదేశం, శ్రీలంక జాతులు. అడవిలో ఒకే తొర్రలో తల్లి, పిల్లలు కలిసి దొరకడం మామూలే, రెగాలిస్ లాంటివాటిని గుంపుగా పెంచినవాళ్ళూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే వద్దంటాను. ఒకటి, పెద్దయ్యాక రిజల్ట్ ఎటు పోతుందో చెప్పలేం. రెండు, వీటి కాటు. చంపేంత కాదు గానీ తీవ్రమైన కండరాల పట్లు వస్తాయి, రోజుల తరబడి ఉండొచ్చు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావొచ్చు కూడా. ఇలాంటి స్పీడున్న సాలీళ్ళు ఒకే డబ్బాలో ఎనిమిది ఉంటే మూత తీసిన ప్రతిసారీ ఎనిమిదింతల రిస్కు. మూడు, రూల్స్. 2019లో ఈ మొత్తం ప్రజాతిని సైటిస్ (ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు, అంటే దేశాల మధ్య వ్యాపారానికి పర్మిట్లు కావాలి. అమెరికా 2018లోనే అయిదు శ్రీలంక జాతులని అంతరించే జాబితాలో పెట్టింది. ఆ నీలం రంగు మెటాలికా గురించైతే చెప్పక్కర్లేదు, 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క సాలీడు ఆధారంగా పేరు పెట్టారు, మళ్ళీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించే దాకా దాని జాడే లేదు, 2008 నుంచి అంతరించిపోయే ప్రమాదం అత్యంత ఎక్కువ ఉన్న జాబితాలో ఉంది. ఇలాంటిదాన్ని ఒకదాన్నొకటి తినే అవకాశమున్న సెటప్‌లో పెట్టడం నాకైతే నచ్చదు. అడవిలోంచి పట్టుకురావడం గురించి అసలు మాటే వద్దు, అది నేరం కూడా. మీ దేశంలో ఏ జాతి పెంచుకోవచ్చో ముందు కనుక్కోండి, ఆ తర్వాతే ట్యాంకు.

అవిక్యులేరియా, అదే గులాబీ కాలి వేళ్ళది, కమ్యూనల్ అని ఎక్కడో చదివుంటారు. నమ్మకండి. బ్రాకిపెల్మా, గ్రామోస్టోలా, థెరఫోసా లాంటివైతే ఆలోచనే వద్దు. రెండు వేర్వేరు జాతుల్ని ఒకే ట్యాంకులో పెట్టొచ్చా అని కూడా అడుగుతుంటారు, దానికి జవాబు ఎప్పటికీ ఒకటే, కుదరదు.

స్టెప్ 2: ఎన్ని, ఎక్కడివి

ఒకే గుడ్ల సంచిలోంచి వచ్చినవి కావాలి, అది కూడా వీలైతే ఇంకా విడదీయకుండా కలిపే ఉంచినవి. బ్రీడర్‌ని మొహమాటం లేకుండా అడగండి, ఏ సంచివి, ఎప్పుడు బయటికొచ్చాయి, విడి డబ్బాల్లో వేసి ఎంత కాలమైంది, ఎన్ని మోల్ట్‌లు (కుబుసం విడవడాలు) అయ్యాయి అని. నెలల తరబడి విడిగా పెరిగినవి తోబుట్టువులే అయినా వాటికి అలవాటు తప్పిపోయి ఉంటుంది, పైగా సైజులు తేడా వచ్చేస్తాయి. సైజు ఎందుకు ముఖ్యం అంటే, తనలో సగం ఉన్నది ఏది కదిలినా సాలీడుకి అది తిండి సైజే. ఒక మోల్ట్ తేడా వరకు ఓకే. రెండు మోల్ట్‌లు తేడా ఉంటే ఆ పెద్దదాన్ని పక్కకి తీసి సింగిల్‌గా పెంచుకోండి.

సంఖ్య ఎనిమిది నుంచి పన్నెండు మధ్య బావుంటుంది. రెండో మూడో పెడదాం, తక్కువైతే గొడవలు తక్కువ కదా అనుకుంటారు చాలామంది. కానీ గుంపు చిన్నదైతే ఒకటి పోయినా సెటప్ సగం ఖాళీ, పైగా ఒకటి కాస్త ముదిరి పెరిగితే ఆ ఒత్తిడంతా మిగిలిన ఒకటి రెండిటి మీదే పడుతుంది. అలాగని ముప్పై కొనక్కర్లేదు, అవన్నీ పెద్దవైతే పెట్టడానికి చోటుందా అన్నది చూసుకోండి.

ఆ సైజులో మగా ఆడా తెలీదు. సుమారు సగం మగవి అవుతాయి, మగవి ఆడవాటి కంటే ముందే పెద్దయి, ఆ తర్వాత ఎక్కువ కాలం బతకవు. అంటే ఒక్క గొడవ జరగకపోయినా పది స్లింగ్స్ కొన్ని ఏళ్ళకి అయిదే అవుతాయి, ఇది ముందే లెక్కలో వేసుకోండి, లేకపోతే తర్వాత ప్రతి తగ్గుదలనీ తినేశాయి అని భయపడతారు.

కొనేటప్పుడే ఎన్ని స్లింగ్స్ కొంటే అన్ని చిన్న డబ్బాలు కూడా రెడీగా పెట్టుకోండి, గాలి రంధ్రాలు చేసి, అడుగున కాస్త మట్టి వేసి. గొడవ మొదలయ్యాక డబ్బాలు వెతుక్కోడానికి టైముండదు.

స్టెప్ 3: ట్యాంకు

పది బాల్ఫౌరి స్లింగ్స్‌కి 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్నది చాలా కాలం సరిపోతుంది. పెద్దయ్యాక 45 బై 45 కావాలి. చిన్న డబ్బాలో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలా, మొదట్నుంచీ పెద్దదాంట్లోనే వెయ్యాలా అన్నది ఎప్పటికీ తెగని వాదన. మరీ చిన్నదైతే ఏడాది తిరక్కముందే ఆ గూడంతా చింపి మార్చాల్సొస్తుంది, గుంపు మొత్తానికి అంతకంటే పెద్ద కుదుపు ఇంకోటి లేదు. మరీ పెద్దదైతే చిన్న స్లింగ్స్ తలో మూలకి పోయి తిండి దొరక్క ఎండిపోతాయి. నేనైతే మధ్యస్థంగా, రెండేళ్ళ దాకా మార్చక్కర్లేనంత సైజుకే ఓటేస్తా. ఎలాగూ గూడు అల్లుకున్నాక ట్యాంకులో ఏ మూల పురుగు కదిలినా ఆ కంపనం అందరికీ తెలుస్తుంది.

గాలి రంధ్రాల దగ్గర జాగ్రత్త. సాలీడు పొట్ట మెత్తగా నొక్కుకుపోతుంది, గట్టిగా ఉండేది తల వైపున్న వీపు చిప్ప ఒక్కటే, ఆ చిప్ప పట్టే సందులోంచి మొత్తం సాలీడు బయటికొచ్చేస్తుంది. కాబట్టి స్లింగ్స్ ఉన్నంత కాలం సూది రంధ్రాలే, పెద్ద రంధ్రాలుంటే సన్నటి జాలీ అతికించండి. పైన మూతకి ఇనుప మెష్ ఉన్న ట్యాంకులు వస్తుంటాయి, పెద్ద సాలీడు అందులో కాలి గోళ్ళు ఇరుక్కుని వేలాడిపోతుంది, కాలు తెగిపోవచ్చు, అందుకే మెష్ తీసేసి రంధ్రాలు చేసిన ఆక్రిలిక్ షీటు పెట్టుకోండి. రంధ్రాలు ఎదురెదురు గోడలకి ఉండాలి, ఒక వైపు కింద, ఇంకో వైపు పైన, అప్పుడు లోపల గాలి నిలవ ఉండకుండా ఆడుతుంది.

ముందు తలుపా పై మూతా అంటే బాల్ఫౌరికి పై మూతే. ముందు తలుపైతే దాని మీదే గూడు అల్లేస్తాయి, తీసిన ప్రతిసారీ అది చిరగడం, చిరిగిన సొరంగంలోంచి ఎవరో ఒకరు బయటికి ఉరకడం. పైన కూడా అల్లుతాయి కానీ మూతలో చిన్న కిటికీలా ఇంకో మూత పెట్టుకుంటే తిండి వెయ్యడానికి అదొక్కటి తీస్తే చాలు. తాళం, క్లిప్ ఏదోటి తప్పనిసరి.

స్టెప్ 4: లోపలి సెటప్

మట్టి కనీసం 15 సెంటీమీటర్లు. కోకోపీట్, ఎరువులూ మందులూ కలవని తోట మట్టి కలిపి, చేత్తో పిండితే ముద్దయ్యేంత తడిగా చేసి, పొరలు పొరలుగా గట్టిగా నొక్కుతూ నింపండి. వదులుగా పోస్తే బొరియ తవ్వగానే కూలిపోతుంది. నింపాక పై పొరని కొన్ని రోజులు ఆరనివ్వండి. సోకోట్రా పొడి దీవి, బాల్ఫౌరికి పైన పొడిగా, అడుగున కాస్త తేమ ఉంటే చాలు, ఒక మూల మాత్రం అప్పుడప్పుడు నీళ్ళు పోసి తడిగా ఉంచండి, ఎవరికి కావాలంటే వాళ్ళు అటు పోతారు. ఉక్కగా, గోడలంతా నీటి చుక్కలు కట్టేలా అస్సలు ఉంచొద్దు.

దాక్కునే చోట్లు సాలీళ్ళ సంఖ్య కంటే ఎక్కువుండాలి, ఇది గట్టిగా పట్టుకోండి. కార్క్ బెరడు ముక్కలు సగం మట్టిలోకి, సగం బయటికి ఏటవాలుగా పాతండి, ఒక్కో ముక్క కింద వేలితోనో పెన్సిల్‌తోనో చిన్న బొరియ మొదలుపెట్టి వదిలేయండి, మిగతాది అవే చూసుకుంటాయి. పైన ఎండాకులు, చిన్న కొమ్మలు, గూడు అల్లడానికి పట్టు ఉండేవి ఏవైనా పర్లేదు. చాలావరకు అన్నీ కలిసి ఒకటే పెద్ద గూడులో చేరతాయి, అప్పుడు ఇన్ని దాక్కునేవి ఎందుకు పెట్టామా అనిపిస్తుంది, కానీ మోల్ట్ అయ్యేటప్పుడు ఒంటరిగా పక్కకి వెళ్ళడానికి, తరిమితే పారిపోవడానికి ఆ ఖాళీ చోట్లే పనికొస్తాయి. పోయెసిలోథేరియా పెట్టేవాళ్ళయితే నిలువు ట్యాంకు, నిలబెట్టిన కార్క్ గొట్టాలు, సూత్రం మాత్రం ఇదే.

నీళ్ళ గిన్నె ఒకటి. స్లింగ్స్‌కి సీసా మూత చాలు, పక్కన గోడ మీద గూడు మీద కొంచెం నీళ్ళు చల్లితే తాగుతాయి. స్ప్రింగ్‌టెయిల్స్ అనే బూజు తినే చిన్న చిన్న జీవుల్ని వేసుకోండి తడి మూలలో, గుంపు తిన్న తర్వాత మిగిలే ఉండలు, పురుగుల కాళ్ళు అన్నీ గూడు లోపల ఉండిపోతాయి, మీరు చెయ్యి పెట్టి తియ్యలేరు, బూజు పట్టకుండా అవే చూసుకుంటాయి.

వేడి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, 24 నుంచి 28 డిగ్రీల మధ్య గది ఉంటే చాలు. చలి ప్రాంతాలవాళ్ళు గదినే వెచ్చగా ఉంచుకోండి. ట్యాంకు అడుగున హీట్ మ్యాట్ మాత్రం పెట్టకండి, వేడెక్కితే కిందికి తవ్వుకుని పోవడం టరాంటులా సహజ గుణం, మీరు కిందే వేడి పెడితే అది వేడిలోకే తవ్వుకుంటూ పోతుంది.

స్టెప్ 5: వదలడం

అన్నిటినీ ఒకే రోజు, ఒకేసారి. ఇవాళ అయిదు, వచ్చే నెల అయిదు అనే ప్లాన్ పెట్టుకోవద్దు, ముందు వెళ్ళినవి ట్యాంకు తమదనుకుంటాయి, తర్వాత వచ్చినవి చొరబాటుదారులు. పార్సిల్‌లో వచ్చినవైతే ముందు విడిగా ఒకటి రెండు రోజులు ఉంచి నీళ్ళు ఇచ్చి, ఒకసారి తిండి పెట్టి, పొట్టలు కాస్త గుండ్రంగా కనిపించాక వదలండి. ఆకలి మీదున్నవాటిని పరిచయం చెయ్యకూడదు. అప్పుడే మోల్ట్ అయినది గానీ, పొట్ట నల్లగా మెరుస్తూ మోల్ట్‌కి దగ్గరగా ఉన్నది గానీ కనిపిస్తే మొత్తం గుంపుని వదలడం వారం వాయిదా వెయ్యండి.

సాయంత్రం పూట, ఒక్కో చిన్న డబ్బాని ఒక్కో కార్క్ ముక్క దగ్గర పడుకోబెట్టి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో వెనకాల కాళ్ళని తాకితే ముందుకి నడుస్తుంది. మొదటి రాత్రి ఒకదాన్నొకటి కాళ్ళతో తడుముకోవడం, ఒళ్ళు టపటపా కొట్టుకోవడం, టక్కున వెనక్కి ఉరకడం చూస్తారు, అది దాడి కాదు. కోరలు దించి పట్టుకుని వదలకపోతే అది దాడి.

స్టెప్ 6: తిండి

మొత్తం సెటప్‌ని నిలబెట్టేది తిండే, కాబట్టి ఇక్కడ బద్ధకం పనికిరాదు. స్లింగ్స్‌కి రెక్కలు లేని పండు ఈగలు, గుండుసూది తల సైజు కీచురాళ్ళు, లేదా పెద్ద కీచురాయినే చంపి ముక్కలు చేసి ఒక్కో గూడు నోటి దగ్గర ఒక్కో ముక్క. రెండు మూడు రోజులకోసారి. ముక్కలు సాలీళ్ళ సంఖ్య కంటే రెండు మూడు ఎక్కువే వెయ్యండి, అన్నీ ఒకే చోట కాకుండా ట్యాంకంతా చల్లినట్టు. ధైర్యం ఉన్నవి ముందు వచ్చి పట్టుకుపోతాయి, పిరికివి రాత్రి ఎప్పుడో వస్తాయి, ఎక్కువ ముక్కలు వేసేది ఆ పిరికివాటి కోసమే. మర్నాడు మిగిలినవి కనిపించినంత వరకు పట్టకారుతో తీసేయండి.

కాస్త పెద్దయ్యాక వారానికి రెండుసార్లు, పూర్తిగా పెద్దయ్యాక వారానికోసారి. ఒంటరిగా పెంచే టరాంటులాకి వారాల తరబడి తిండి పెట్టకపోయినా ఏం కాదు, ఆ అలవాటు ఇక్కడ తీసుకురాకండి, ఇక్కడ ఆకలేస్తే తిండి పక్కనే కూర్చుని ఉంటుంది. ఊరెళ్ళాలంటే ముందు రోజు బాగా పెట్టి వెళ్ళండి, ఇంకా ఎక్కువ రోజులైతే ఎవరికైనా అప్పజెప్పండి.

పురుగు సైజు గుంపులో అన్నిటికంటే చిన్న సాలీడు పొట్టని బట్టి ఉండాలి. బాల్ఫౌరి పెద్ద పురుగుని కూడా కలిసి పడగొడతాయి నిజమే, చూడటానికి బావుంటుంది కూడా, వీడియోల కోసం అందరూ అదే చేస్తారు, కానీ రోజువారీ పద్ధతిగా అది వద్దు, ఒకే పురుగు మీద అన్నీ చేరితే ఒకదాని కాలు ఇంకొకదాని నోటికి అందే ఛాన్సుంది. డూబియా బొద్దింకలు వేస్తే తల నొక్కి వెయ్యండి, లేకపోతే మట్టిలోకి దూరిపోతాయి, వారం తర్వాత ఎవరో మోల్ట్ అవుతుంటే బయటికొస్తాయి. ఆరుబయట పట్టిన పురుగులు వద్దు, ఏ మందు కొట్టిన మొక్క తిని వచ్చిందో తెలీదు, ఒంటరిదైతే ఒకటే పోతుంది, ఇక్కడ గుంపంతా పోతుంది.

స్టెప్ 7: మోల్ట్ టైము

అన్నిటికంటే ప్రమాదం ఇదే. కుబుసం విడిచాక సాలీడు ఒళ్ళంతా మెత్తగా, కోరలు తెల్లగా ఉంటాయి, తనని తాను కాపాడుకోలేదు. కోరలు తెలుపు నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నలుపుకి వచ్చేదాకా అది వేటాడదు కూడా, స్లింగ్స్‌కి కొన్ని రోజులు, పెద్దవాటికి వారం పది రోజుల పైనే పడుతుంది. బాల్ఫౌరి మోల్ట్ అవుతున్నదాన్ని చాలావరకు వదిలేస్తాయి, కానీ కీచురాయి వదలదు, మెత్తగా దొరికితే కొరికి తింటుంది. ఇంత గుంపులో ఎప్పుడూ ఎవరో ఒకరు మోల్ట్ దగ్గర్లోనే ఉంటారు కాబట్టి నా పద్ధతి ఏంటంటే, బతికున్న పురుగుని రాత్రంతా వదిలేయడం అసలు లేదు, చంపి వెయ్యడమో, తల నొక్కి వెయ్యడమో.

కుబుసాలు దొరికితే పారేయకండి. గూడు బయట పడేసినవాటిని తీసి సైజు కొలిచి తేదీ రాసుకుంటే ఎవరు ఎలా పెరుగుతున్నారో తెలుస్తుంది, సైజుల తేడా ముందే పట్టుకోవచ్చు. పెద్ద సైజు కుబుసాన్ని సబ్బు నీళ్ళలో నానబెట్టి లోపలి వైపు ముందరి పుస్తక ఊపిరితిత్తుల (పొట్ట కింద జంటలుగా ఉండే ఊపిరి అవయవాలు) మధ్య చూస్తే ఆడదా మగదా అన్నది కూడా తెలుస్తుంది, ఆడదానికి అక్కడ స్పెర్మథీకా అనే చిన్న మడత ఉంటుంది.

కుబుసమా శవమా అని తికమక పడేవాళ్ళకి: కుబుసం బోలుగా, తేలిగ్గా ఉంటుంది, వీపు చిప్ప మూతలా పైకి లేచి విడిగా ఉంటుంది. కాళ్ళు ముక్కలై, చిప్ప నలిగి, అన్నీ కలిసి ముద్దలా ఉంటే మాత్రం ఎవర్నో తినేశారు. అయినా వెంటనే సెటప్ విప్పేయకండి, సహజంగా చచ్చినదాన్ని కూడా మిగతావి తినేస్తాయి, చంపి తిన్నాయా చచ్చాక తిన్నాయా అన్నది ఒక్క శవం బట్టి తేలదు.

స్టెప్ 8: తేడా వస్తే ఎలా తెలుస్తుంది

పగటి పూట ఒకటి రోజుల తరబడి మూత మీదో గోడ పైనో ఒంటరిగా వేలాడుతుంటే అది గూడులోంచి గెంటేయబడినట్టే అనుకోండి. కాళ్ళు తెగినవి వరసగా కనిపించడం, ఒకదాని పొట్ట ముడుచుకుపోయి ఇంకోదాని పొట్ట పగిలేలా ఉండటం, తిండి పెట్టినా ఒకే సాలీడు మిగతావాటిని పదే పదే తరమడం, ఇవి మిగతా గుర్తులు. ఒక్క కాలు పోతే కంగారు పడక్కర్లేదు, తర్వాతి మోల్ట్‌లలో మళ్ళీ వస్తుంది.

ముందు చేయాల్సింది తిండి పెంచడం, దాక్కునేవి ఇంకో రెండు పెట్టడం. రెండు వారాల్లో మారకపోతే ఆ తరిమేదాన్నో, బాగా పెద్దదైపోయినదాన్నో తీసేయండి. తీసినదాన్ని మళ్ళీ తిరిగి వెయ్యొద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. రెండో శవం, మూడో శవం దగ్గర దగ్గరగా కనిపిస్తే ఇక ఆలోచించకుండా అన్నిటినీ విడదీసేయండి, ఆ డబ్బాలు అందుకే ముందే రెడీగా పెట్టమన్నది. ఇంకా కొన్నాళ్ళు చూద్దాం, సర్దుకుంటాయేమో అనుకోవద్దు, సర్దుకునే గుంపు అయితే అక్కడిదాకా రాదు.

స్టెప్ 9: పెద్దయ్యాక

మగది పెద్దయితే నోటి పక్కనుండే పాల్ప్‌ల చివర ఉబ్బి గుండ్రంగా అవుతుంది, సన్నగా పొడుగ్గా తయారై ట్యాంకంతా తిరుగుతుంటుంది. దాన్ని లోపలే ఉంచితే తోబుట్టువులతోనే జతకట్టే అవకాశం ఉంది. అది వద్దనుకుంటే బయటికి తీసి వేరే సంచికి చెందిన ఆడదాన్ని పెంచుతున్నవాళ్ళకి ఇవ్వండి, వాళ్ళ మగదాన్ని మీరు తీసుకోండి, కొత్త రక్తం కలుస్తుంది. లోపల ఉంచేస్తే ఏదో రోజు గూడు మధ్యలో గుడ్ల సంచి కనిపిస్తుంది, అప్పుడు తిండి మరింత రెగ్యులర్‌గా పెట్టండి, ట్యాంకు కదపొద్దు. పిల్లలొస్తే తల్లితోనే కొంతకాలం ఉంచొచ్చు, కానీ ఒక్క సంచిలోంచి అన్ని పిల్లలు వస్తే ఎవరికిస్తారో ముందు ఆలోచించండి, ఇచ్చేటప్పుడు తోబుట్టువుల సంతానమైతే ఆ మాట చెప్పి ఇవ్వండి.

సేఫ్టీ

బాల్ఫౌరికి ఒంటి మీద దురద పుట్టించే వెంట్రుకలు ఉండవు, అవి అమెరికా ఖండాల జాతుల ఆయుధం. దీనికున్నది స్పీడు, కోరలు. పొడవాటి పట్టకారు, బ్రష్, పారదర్శకంగా ఉండే క్యాచ్ కప్పు చేతి దగ్గర పెట్టుకోకుండా మూత తీయొద్దు. ఒంటరి టరాంటులా అయితే అదెక్కడుందో చూసుకుని మూత తీస్తాం, ఇక్కడ మీరు ఒకదాన్ని చూస్తుంటే ఇంకోటి పట్టకారు మీదుగా చేతి దాకా వచ్చేస్తుంది. అలా వస్తే విదిలించొద్దు, కింద పడితే పొట్ట పగిలి చస్తుంది, పట్టకారుని ట్యాంకులోనే మెల్లగా వదిలేయండి. ట్యాంకుని పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి పని చేస్తే బయటపడ్డది టబ్బులోనే దొరుకుతుంది. చేతిలోకి తీసుకుని ఆడించడం లాంటివి ఈ జాతితో వద్దు. కరిస్తే సబ్బుతో కడిగి, నొప్పి పెరిగినా, పట్లు వచ్చినా, ఊపిరి కష్టమైనా డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఏ జాతి కరిచిందో పేరు చెప్పండి.

స్టెప్ 10: ఇల్లు మార్చడం

వీలైనంత వాయిదా వెయ్యండి, తప్పదనుకున్నప్పుడే. ముందు కొత్త ట్యాంకు పూర్తిగా రెడీ చేసి, పక్కనే పెట్టి, రెండు మూడు రోజుల ముందు గుంపుకి బాగా తినిపించండి. పగలు చేయండి, పగలు అన్నీ గూడులోనే ముడుచుకుని ఉంటాయి. గూడు విప్పి ఒక్కొక్కదాన్నీ పట్టుకోవాలని చూడకండి, కార్క్ ముక్కకి అల్లుకుని ఉన్న గూడుని, సాలీళ్ళు లోపల ఉండగానే, చుట్టూ మట్టి పొడవాటి చెంచాతో వదులు చేసి ముక్క మొత్తంగా ఎత్తి కొత్త ట్యాంకులో దింపండి. వాటి పట్టు, వాటి వాసన అంతా వాటితోనే వెళ్తుంది, అందుకే తక్కువ గొడవ. అడుగు బొరియల్లో మిగిలినవాటిని చివర్లో కప్పుతో ఒక్కొక్కటిగా పట్టండి, వెనక నుంచి బ్రష్, ముందు కప్పు. పాత గూడు చిరిగిన పీలికలు కూడా కొన్ని కొత్త ట్యాంకులో వెయ్యండి.

ఎన్ని దొరికాయో లెక్క అప్పుడు కచ్చితంగా తెలుస్తుంది, చాలామందికి అనుకున్నదానికంటే ఒకటి రెండు తక్కువే వస్తాయి. పాత మట్టిని మాత్రం వెంటనే పారబోయకండి, చేత్తో చిదుముతూ వెతికినా అడుగున నొక్కుకుపోయిన బొరియలో చిన్నది ఒకటి దాక్కుని ఉండొచ్చు, మట్టితో సహా పాత ట్యాంకుకి మూత పెట్టి, మట్టి చదును చేసి, ఒక వారం పక్కన పెట్టండి, కొత్తగా పట్టు గానీ బొరియ నోరు గానీ కనిపిస్తే అక్కడ తవ్వి తీసి, దాన్ని వేరే డబ్బాలో సింగిల్‌గా పెంచుకోండి.